అసలేది, నకలేది, ఎవరిది? పిల్లలకు ఎన్‌ఎఫ్‌టీ గురించి చెప్పాల్సి వస్తే

మా అమ్మాయికి పదేళ్లు. ఒక సాయంత్రం ట్యాబ్ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. తెర మీద చిన్న చిన్న చదరాలతో గీసిన మొహం ఒకటి ఉంది. నీలం రంగు చర్మం, నెత్తిన టోపీ.

"నాన్నా, ఈ బొమ్మను ఎవరో లక్షల డాలర్లు పెట్టి కొన్నారట. నేను ఇప్పుడే ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకున్నా. మరి ఇది వాళ్లదా, నాదా?" అని అడిగింది.

"అసలుది వాళ్ల దగ్గరుంది, నీ దగ్గరున్నది కాపీ" అన్నాను.

తను కాసేపు ఆలోచించింది. ఆ ఫైల్‌ను ఇంకోసారి కాపీ చేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, "వీటిలో అసలుది ఏదో చెప్పు" అంది. రెండింటినీ పెద్దవి చేసి ఒక్కో చదరం చూశాను. చుక్కంత తేడా కూడా లేదు. నేను చెప్పిన జవాబు తప్పని అప్పుడే తెలిసిపోయింది.

ఈ తప్పు నేనొక్కడినే చేయడం లేదు. ఆ బొమ్మ పేరిట వాళ్లు కొన్నదాన్ని ఎన్‌ఎఫ్‌టీ అంటారు. దాని గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మొదటి మాటలోనే చాలామంది ఇక్కడ జారిపోతారు. కొన్నవాళ్ల దగ్గర అసలు బొమ్మ ఉంటుంది, మిగతా అందరి దగ్గరా నకళ్లు ఉంటాయి అంటారు. డిజిటల్ ఫైల్ విషయంలో ఆ మాటకు అర్థమే లేదు. కొన్నవాళ్లకు దక్కేది, ఫలానా నంబరు టోకెన్, అంటే గుర్తుబిళ్ల లాంటిది, తమ పేరున ఉందని చెప్పే ఒక పద్దు. బొమ్మ వేరు, పద్దు వేరు. ఈ తేడా చేతికి చిక్కితే మిగతాదంతా పిల్లలకు చకచకా అర్థమవుతుంది. దీన్ని వదిలేసి బ్లాక్‌చెయిన్, క్రిప్టో, వాలెట్ అంటూ మొదలుపెడితే పెద్దవాళ్లకే తలకెక్కదు.

చేబదులు వేరు, ఎరువు వేరు

ఎన్‌ఎఫ్‌టీ అంటే నాన్ ఫంజిబుల్ టోకెన్. వినగానే భయపెట్టే పేరు. అందులో అసలు చిక్కు 'ఫంజిబుల్' అనే మాటతోనే. మన భాషలో ఈ తేడా చెప్పడానికి రెండు మంచి మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. డబ్బు చేబదులు తీసుకుంటాం. తీసుకున్న నోటే తిరిగి ఇవ్వక్కర్లేదు, అంతే విలువున్న ఇంకో నోటు ఇస్తే చాలు. చిల్లరగా ఇచ్చినా చెల్లుతుంది. నగ మాత్రం ఎరువు తెచ్చుకుంటాం. తెచ్చిన నగే తిరిగి ఇవ్వాలి. అంతే బరువున్న ఇంకో నగ ఇస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. ఎరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు. పోగొడితే దానికి బదులు తేలేం కదా, ఆ భయం ఆ సామెతలో ఉంది.

చేబదులుకు పనికొచ్చేది ఫంజిబుల్. ఎరువుగా మాత్రమే ఇవ్వగలిగేది నాన్ ఫంజిబుల్. ఇంతే. మా అమ్మాయికి ఇలా చెప్పగానే ఇంట్లో వస్తువులను తనే రెండు గుంపులు చేసేసింది. బియ్యం, పంచదార, బ్యాటరీలు ఒక పక్క. తన డైరీ, అమ్మమ్మ కుట్టిచ్చిన బొంత, చెవి ఊడిపోయిన కుందేలు బొమ్మ ఇంకో పక్క. పెన్సిల్ దగ్గర ఆగింది. కొత్త పెన్సిల్ అయితే మొదటి గుంపు, తను కొరికిన పెన్సిల్ అయితే రెండోది అని తేల్చింది. నాకైతే ఆ ఆలోచన తట్టేది కాదు.

పిల్లలకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదని మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం చూస్తే తెలుస్తుంది. వాళ్లు మూడేళ్ల నుంచి ఆరేళ్ల వయసు పిల్లలకు ఒక 'కాపీ యంత్రం' చూపించారు. లైట్లు, మీటలు ఉన్న రెండు పెట్టెలు. ఒక పెట్టెలో వస్తువు పెడితే రెండో పెట్టెలో అచ్చం అలాంటిదే వస్తుందని నమ్మించారు. మామూలు బొమ్మల విషయంలో పిల్లలకు కొత్తగా వచ్చినదాని మీదే మోజు కనిపించింది. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. కొందరు దాన్ని పెట్టెలో పెట్టనివ్వనే లేదు. పెట్టనిచ్చిన వాళ్లలో ఎక్కువమంది తమ పాతదే కావాలన్నారు. అచ్చం అలాంటిదే అని ఎంత చెప్పినా సరే. అదే అధ్యయనంలోని రెండో ప్రయోగంలో, ఎలిజబెత్ రాణి వాడిన వస్తువని చెబితే, దాని నకలు కంటే దానికే పిల్లలు ఎక్కువ విలువ కట్టారు.

కాబట్టి ఒకటి ఒకటే, దానికి సాటి ఇంకోటి లేదు అనే భావం పిల్లల మనసులో ముందే ఉంది. వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది, తెరమీది వస్తువుల దగ్గర ఆ భావం ఎందుకు తడబడుతుందన్నదే. కుందేలు బొమ్మకు ఒక శరీరం ఉంది. దాని మీద మరకలున్నాయి, ఊడిన చెవి ఉంది. ఫైల్ అంటే వరుసగా పేర్చిన అంకెలు. ఆ అంకెలు అదే వరుసలో ఎక్కడ ఉన్నా అదే ఫైల్. దానికి వయసు లేదు, మరక లేదు, ముందు పుట్టింది వెనక పుట్టింది అనే తేడా లేదు. ఫైల్ లోపల ఎంత వెతికినా 'ఇది ఫలానా వాళ్లది' అనే గుర్తు దొరకదు. ఆ మాట బయట ఇంకెక్కడో రాసి ఉండాలి.

సముద్రం అడుగున రాయి

బయట ఎక్కడో రాసి ఉండడం అనేది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. పసిఫిక్ మహాసముద్రంలో యాప్ అనే దీవుల్లో ఒకప్పుడు రాతి చక్రాలను డబ్బుగా వాడేవారు. మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి సున్నపురాళ్లు. కొన్ని అరచేతిలో పట్టేంత, కొన్ని మనిషి ఎత్తుకు రెట్టింపు. ఆ రాయి యాప్‌లో దొరకదు. 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పలావు దీవులకు పడవల మీద వెళ్లి, కొండ తొలిచి, తెప్పల మీద తెచ్చుకునేవారు. పెద్ద రాయి చేతులు మారితే దాన్ని కదిపేవారు కాదు. ఉన్నచోటే ఉండేది. ఫలానా రాయి ఇక మీదట ఫలానా కుటుంబానిది అని ఊరంతా గుర్తుపెట్టుకునేది.

విలియం ఫర్నెస్ అనే అమెరికన్ 1910లో వచ్చిన తన పుస్తకంలో అక్కడ విన్న ఒక సంగతి రాశాడు. ఒక కుటుంబానికి చాలా సంపద ఉందని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆ సంపదను మాత్రం ఊళ్లో ఎవరూ చూడలేదు, ఆ కుటుంబం వాళ్లు కూడా చూడలేదు. అంతకు రెండు మూడు తరాల ముందు వాళ్ల పెద్ద ఒకరు చాలా పెద్ద రాయి తెస్తుంటే తుఫాను వచ్చింది. ప్రాణాలు కాపాడుకోవడానికి తెప్ప తాడు కోసేశారు. రాయి మునిగిపోయింది. ఒడ్డుకు చేరాక పడవలో ఉన్నవాళ్లంతా సాక్ష్యం చెప్పారు. రాయి చాలా గొప్పది, పోవడంలో ఆయన తప్పేమీ లేదు అని. ఊరు ఒప్పుకుంది. అప్పటినుంచి సముద్రం అడుగున ఉన్న ఆ రాయి ఆ కుటుంబం ఆస్తే.

మా అమ్మాయికి ఈ కథ చెప్పినప్పుడు తను మొదట అడిగిన ప్రశ్న, "మరి ఊళ్లోవాళ్లంతా మర్చిపోతే?" అని. అసలు విషయం ఆ ప్రశ్నలోనే ఉంది. ఊరు గుర్తుపెట్టుకున్నంత కాలమే ఆ రాయి వాళ్లది. ఊరు మర్చిపోయినా, కొందరు కుమ్మక్కై అబద్ధం చెప్పినా ఆస్తి పోయినట్టే. అందుకే మనుషులు గుర్తుపెట్టుకోవడం దగ్గర ఆగలేదు. చిట్టాలు రాశారు, దస్తావేజులు రాశారు, రిజిస్టర్లు పెట్టారు. అప్పుడు ఇంకో బెంగ మొదలైంది. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? వాళ్లు లోపల ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే మనకెలా తెలుస్తుంది?

ఐదు నోటుపుస్తకాల ఆట

బ్లాక్‌చెయిన్ ఈ బెంగకు ఒక జవాబు. పుస్తకం ఒక్కరి దగ్గర ఉండకుండా అందరి దగ్గరా ఒకే పుస్తకం ఉండేలా చేయడం. ఇది చెబితే పిల్లలకు సగమే అర్థమవుతుంది, ఆడిస్తే పూర్తిగా అర్థమవుతుంది. ఒక ఆదివారం మా ఇంట్లో ఐదుగురు పిల్లలు పోగైతే ఆడించి చూశాను.

తలా ఒక నోటుపుస్తకం ఇచ్చాను. మా అమ్మాయి కొమ్ములున్న ఆకుపచ్చ పిల్లి బొమ్మ గీసి ఫ్రిజ్ మీద అంటించింది. దానికి 1వ నంబరు పెట్టాం. బొమ్మ ఎవరి పేరుకు మారినా గట్టిగా చెప్పాలి, ఐదుగురూ తమ పుస్తకాల్లో ఒకేలా రాసుకోవాలి. '1వ నంబరు బొమ్మ ఇకనుంచి ఫలానా వాళ్లది.' రాళ్లూ గవ్వలూ ఇచ్చి పుచ్చుకుంటూ బొమ్మ నాలుగు చేతులు మారింది. బొమ్మ మాత్రం ఫ్రిజ్ మీదే ఉంది. ఇంతలో ఒక పిల్లవాడు మెల్లగా తన పుస్తకంలో చివరి పేరు చెరిపేసి తన పేరు రాసుకున్నాడు. మిగతా నలుగురూ తమ పుస్తకాలు తెరిచి చూపించారు. నాలుగు ఒకటి చెబుతుంటే ఒకటి వేరే చెబుతోంది. వాడి పుస్తకం చెల్లలేదు.

తర్వాత ఇంకో నియమం పెట్టాను. పేజీ నిండగానే అందులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెను తర్వాతి పేజీ మొదట్లో రాయాలి. పాత పేజీలో ఎవరైనా ఏదైనా మారిస్తే లెక్క తప్పుతుంది, దొరికిపోతారు. నేను గొప్ప కిటుకు చెప్పాననుకున్నాను. రెండు నిమిషాల్లో ఒకమ్మాయి, "అంకుల్, వాడి పేరుకూ నా పేరుకూ మూడేసి అక్షరాలే. వాడి పేరు తీసి నాది రాస్తే లెక్క సరిపోతుంది" అంది. నిజమే. ఎనిమిదేళ్ల పిల్ల నా తాళం తీసేసింది.

నిజం బ్లాక్‌చెయిన్లలో ఈ దారి మూసేశారు. అక్కడ పేజీని బ్లాక్ అంటారు. ఒక్కో బ్లాక్‌లోని రాతంతటినీ ఒక గణిత సూత్రంలో వేస్తే పొడవాటి సంఖ్య ఒకటి వస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు, ఆ బ్లాక్‌కు వేలిముద్ర లాంటిదన్నమాట. లోపల ఒక్క అక్షరం మారినా, ఒక్క చుక్క తీసినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. అదే సంఖ్య వచ్చేలా ఇంకో రాత తయారుచేయడం ఇప్పుడున్న కంప్యూటర్లకు సాధ్యమయ్యే పని కాదు. ప్రతి బ్లాక్ మొదట్లో ముందు బ్లాక్ వేలిముద్ర ఉంటుంది. అలా గొలుసు కడతారు, చెయిన్ అన్న మాట అందుకే వచ్చింది. నోటుపుస్తకాలు ఐదు కాదు, వేల కంప్యూటర్లలో ఉంటాయి. 2009లో మొదలైన బిట్‌కాయిన్ ఈ పద్ధతితో డబ్బు లెక్క రాసింది. 2015లో వచ్చిన ఇథీరియం అనే ఇంకో గొలుసులో లెక్కలతో పాటు చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా రాయొచ్చు. ఎన్‌ఎఫ్‌టీలు ఎక్కువగా పుట్టింది అక్కడే.

ఈ గొలుసులు నడపడానికి చాలా కరెంటు ఖర్చవుతుందని పిల్లలు బళ్లో విని అడుగుతారు. ఇథీరియం 2022 సెప్టెంబరు 15న తన పద్ధతి మార్చుకుని ఆ వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది. బిట్‌కాయిన్ మాత్రం పాత పద్ధతిలోనే నడుస్తోంది.

మా ఆటకు ఒక ముగింపు దానంతట అదే వచ్చింది. ఎవరో ఫ్రిజ్ తలుపు గబాలున తీశారు. బొమ్మ కిందపడి, తడిసి, చిరిగిపోయింది. ఐదు పుస్తకాల్లోనూ '1వ నంబరు బొమ్మ ఫలానా వాళ్లది' అని భద్రంగా ఉంది. బొమ్మే లేదు. అప్పటికి దాని యజమాని అయిన పిల్లవాడు పుస్తకం వైపూ ఫ్రిజ్ వైపూ మార్చి మార్చి చూశాడు. "మరి నాకేముంది ఇప్పుడు?" అన్నాడు.

పద్దులో నిజంగా ఏముంటుంది

ఆ పిల్లవాడి ప్రశ్నే ఎన్‌ఎఫ్‌టీ కొన్న ప్రతి ఒక్కరూ వేసుకోవాల్సింది. ఇథీరియంలో ఎక్కువగా వాడే ఈఆర్‌సీ-721 పద్ధతిలో ప్రతి టోకెన్‌కు ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు ఎదురుగా యజమాని చిరునామా ఉంటుంది. చిరునామా అంటే మనిషి పేరు కాదు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి వరుస. వాటితో పాటు సాధారణంగా ఒక లింకు ఉంటుంది, బొమ్మ ఫలానా చోట ఉంది చూసుకోండి అని. బొమ్మ చాలాసార్లు గొలుసులో ఉండదు. గొలుసులో ప్రతి అక్షరానికీ ఖర్చుంది. పెద్ద బొమ్మ పెట్టాలంటే తడిసి మోపెడవుతుంది.

ఈ సర్దుబాటు మొదటి రోజునుంచీ ఉంది. 2014 మే నెలలో న్యూయార్క్‌లో కెవిన్ మెకాయ్ అనే కళాకారుడు, అనిల్ డాష్ అనే సాంకేతిక నిపుణుడు కలిసి, కళాకారులకు తమ డిజిటల్ బొమ్మల మీద పట్టు ఉండాలనే కోరికతో ఇలాంటి మొదటి ప్రయోగాల్లో ఒకటి చేశారు. బొమ్మ మొత్తం గొలుసులో పట్టదు కాబట్టి దాని లింకు పెట్టారు. ఏడేళ్ల తర్వాత డాష్ తనే రాశాడు, అది ఆ రాత్రికి పని గడవడానికి చేసిన ఏర్పాటని, అదే ఇంకా నడుస్తోందని. ఒక కొత్త వస్తువును పుట్టించిన మనిషి దాని లోపాన్ని ఇంత సూటిగా చెప్పడం నాకు చాలా నచ్చింది.

లింకు అవతల ఉన్నది మారితే ఏమవుతుంది? సిగ్నల్ మెసేజింగ్ యాప్‌ను మొదలుపెట్టిన మాక్సీ మార్లిన్‌స్పైక్ దీన్ని చేసి చూపించాడు. ఆయన తయారుచేసిన ఎన్‌ఎఫ్‌టీ ఒక అమ్మకం సైటులో ఒక బొమ్మలా, ఇంకో సైటులో ఇంకో బొమ్మలా కనిపించేది. డబ్బు పెట్టి కొని తమ వాలెట్‌లో, అంటే టోకెన్లు పెట్టుకునే యాప్‌లో, చూసుకున్నవాళ్లకు మలం ఎమోజీ కనిపించేది. ఎందుకంటే లింకు అవతల ఉన్న కంప్యూటర్ ఆయనది, అడిగినవాళ్లను బట్టి ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ పంపగలదు. పిల్లలకు ఈ ఉదాహరణ ఒక్కటి చెబితే చాలు, నవ్వీ నవ్వీ జన్మలో మర్చిపోరు. 2022 నవంబరులో బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు (క్రిప్టో) కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే ఎఫ్‌టీఎక్స్ అనే సంస్థ దివాలా తీశాక, దాని సర్వర్ల మీద ఆధారపడిన ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు నిజంగానే మాయమయ్యాయి. పద్దులు చెక్కుచెదరలేదు. లింకు నొక్కితే ఆ కంపెనీ దివాలా వ్యవహారాల పేజీ తెరుచుకునేది.

అన్నీ ఇలాగే ఉండవు. మా అమ్మాయి చూపించిన చదరాల మొహం క్రిప్టోపంక్స్ అనే గుంపులోది. 2017లో పుట్టిన ఆ గుంపులో 10,000 మొహాలున్నాయి. ఒక్కోటి అడ్డంగా 24, నిలువుగా 24 చదరాలే. అంత చిన్నవి కాబట్టి 2021లో వాటిని గొలుసులోనే పెట్టగలిగారు. అంతకంటే పెద్ద బొమ్మలను ఐపీఎఫ్ఎస్ లాంటి పద్ధతుల్లో పలు కంప్యూటర్లలో దాచేవాళ్లూ ఉన్నారు. దాచినవాళ్లలో కనీసం ఒకరైనా ఉంచుకున్నంత కాలమే అది దొరుకుతుంది.

కొంటే ఏం హక్కు వస్తుంది, ఏం రాదు

2021 మార్చి 11న క్రిస్టీస్ వేలం సంస్థలో బీపుల్ అనే కళాకారుడి బొమ్మ ఎన్‌ఎఫ్‌టీ 6 కోట్ల 93 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2007 మే 1 నుంచి రోజుకొకటి చొప్పున ఆయన గీసిన 5,000 బొమ్మలను ఒక్కచోట పేర్చిన బొమ్మ అది. ఎవరైనా ఇప్పుడే ఇంటర్నెట్‌లో దాన్ని ఉచితంగా చూడొచ్చు. కొన్న విఘ్నేశ్ సుందరేశన్‌కు దాని కాపీరైటు రాలేదు. అంటే ఆ బొమ్మను ఎవరు అచ్చువేయాలి, ఎవరు టీషర్టు మీద వేసి అమ్మాలి అని చెప్పే హక్కు ఇప్పటికీ గీసినవాడిదే. పుస్తకం కొంటే చదువుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు, అమ్మొచ్చు కూడా. అచ్చువేసి అమ్ముకోకూడదు. పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. ఎన్‌ఎఫ్‌టీతో పాటు హక్కులు కూడా ఇస్తామని అమ్మేవాళ్లు రాతపూర్వకంగా చెబితే తప్ప, పద్దులో పేరు ఉండడమే కొన్నవాళ్లకు దక్కేది.

మరి పేరుకు అంత డబ్బా? ఇక్కడ పిల్లలతో నిజాయితీగా ఉండాలి. ఎవరో కొంటారని ఇంకొకరు కొంటే ధర పెరుగుతుంది. కొనేవాళ్లు ఆగితే పడిపోతుంది. ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ మొదటి ట్వీట్ ఎన్‌ఎఫ్‌టీ 2021లో 29 లక్షల డాలర్లకు పోయింది. కొన్నాయన ఏడాది తర్వాత 4 కోట్ల 80 లక్షల డాలర్లకు అమ్మకానికి పెడితే, వారం గడిచినా వచ్చిన బేరాలు అందులో వెయ్యో వంతుకు కూడా రాలేదు. ఆ ట్వీట్‌లో ఒక్క అక్షరం మారలేదు, పద్దు మారలేదు, జనం మోజు మారింది. కొందరు తమ ఎన్‌ఎఫ్‌టీని తమదే అయిన ఇంకో చిరునామాకు అమ్ముకుని గిరాకీ ఉన్నట్టు చూపించారు. అక్కడ చిరునామాలే తప్ప పేర్లు ఉండవు కాబట్టి ఇది తేలిక. పిల్లలకు ఇది చెప్పకుండా ధరలు మాత్రం చెబితే వాళ్లకు అబద్ధం చెప్పినట్టే అని నా అభిప్రాయం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా బాధపెట్టింది. గీసినవాళ్లకు తెలియకుండానే వాళ్ల బొమ్మలతో ఎన్‌ఎఫ్‌టీలు చేసి అమ్మేశారు. తమ దగ్గర ఉచితంగా ఎన్‌ఎఫ్‌టీ చేసుకునే సౌకర్యంతో వచ్చిన వాటిలో 80 శాతానికి పైగా దొంగిలించినవో, నకిలీవో, చెత్తవో అని ఓపెన్‌సీ అనే పెద్ద అమ్మకం సైటు 2022 జనవరిలో తనే ఒప్పుకుంది. గొలుసుకు రాసింది చెరగకుండా చూడడమే తెలుసు. రాసింది నిజమో కాదో దానికి తెలియదు. మా ఆటలో కూడా అంతే. ఎవరైనా పొరుగింటి పిల్ల బొమ్మ తెచ్చి 'ఇది నాది, 2వ నంబరు' అని చెప్పి ఉంటే ఐదు పుస్తకాల్లోనూ ఆ అబద్ధమే చక్కగా ఎక్కేది.

ఆటలో కత్తి ఎవరిది

నిజానికి పిల్లల జీవితంలో ఎన్‌ఎఫ్‌టీ కంటే దగ్గరగా ఉన్న డిజిటల్ ఆస్తులు వేరే ఉన్నాయి. ఆటల్లో కొన్న కత్తులు, డ్రెస్సులు, కార్లు, ట్యాబ్‌లో కొన్న పుస్తకాలు. 'కొన్నాను' అని వాళ్లంటారు, మనమూ అంటాం. ఆ పద్దు ఉండేది ఒక్క కంపెనీ పుస్తకంలో. యాప్ దీవిలో లాగా ఊరంతా గుర్తుపెట్టుకోదు, మా ఆటలో లాగా ఐదు నోటుపుస్తకాలూ లేవు.

2009 జులైలో అమెజాన్, జనం అప్పటికే కొని తమ కిండిల్ పరికరాల్లో పెట్టుకున్న జార్జ్ ఆర్వెల్ నవలలను వెనక్కి తీసేసుకుంది. అమ్మినవాళ్లకు ఆ హక్కు లేదని తేలిందట. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. అప్పటికే ఒక హైస్కూలు విద్యార్థి తన చదువు కోసం ఆ పుస్తకం మీద రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయింది. ఏ పేజీ గురించి రాశాడో ఆ పేజీయే లేదు. తీసేసిన వాటిలో ఒకటి, ప్రభుత్వం పాత రాతలను చెరిపేస్తూ ఉండే దేశం కథ అయిన '1984'. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ అనే ఆటల కంపెనీ తన కార్ల ఆట 'ది క్రూ' సర్వర్లను మూసేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒక్కరే కూర్చుని ఆడుకుందామన్నా వీల్లేకుండా పోయింది. ఇలాంటి వాటి తర్వాతే కాలిఫోర్నియాలో ఒక చట్టం వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తూ 'కొనండి' అని అమ్మేవాళ్లు ఆ సంగతి కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి.

ఎన్‌ఎఫ్‌టీ వస్తే ఈ బాధ తీరుతుందని ఒక ఆశ ఉండేది. కత్తి పద్దు కంపెనీ పుస్తకంలో కాకుండా గొలుసులో ఉంటే, ఒక ఆట మూతపడినా ఇంకో ఆటలోకి తీసుకెళ్లొచ్చు కదా అని. ఆశ మంచిదే. చిక్కల్లా ఆ రెండో ఆట వాళ్లు ఒప్పుకుని, ఆ కత్తి తమ ఆటలో ఎలా ఉండాలో గీసి, ఎలా తిప్పాలో ప్రోగ్రాం రాస్తేనే అది కత్తి. లేకపోతే నంబరే. ఊరు ఒప్పుకున్నప్పుడే సముద్రం అడుగు రాయి ఆస్తి అయినట్టు ఇదీ అంతే. మైన్‌క్రాఫ్ట్ అయితే 2022 జులైలో తమ ఆటలో ఎన్‌ఎఫ్‌టీలకు చోటు లేదని చెప్పేసింది. కొందరికే దొరికేలా వస్తువులను కావాలని అరుదుగా చేయడం, అందరూ కలిసి ఆడుకునే తమ తీరుకు పడదని దాని కారణం. నాకు ఆ కారణం సరిగానే అనిపించింది.

పిల్లలు ఎన్‌ఎఫ్‌టీ చేస్తామని పట్టుబడితే ఏం చేయాలని తోటి తల్లిదండ్రులు అడుగుతుంటారు. నా మట్టుకు నేను వద్దంటాను. వాలెట్‌కు 12 లేదా 24 మాటల రహస్య వరుస ఉంటుంది. అది పోతే తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, ఇంకొకరి చేతిలో పడితే ఆపేవాళ్లూ లేరు. పెద్దవాళ్లే మోసపోతున్నారు. పైగా గొలుసులో రాసింది చెరగదు కాబట్టి పిల్లల పేరు, ఫొటో అక్కడికి చేరకూడదు. బొమ్మ మీద హక్కు కోసమైతే గొలుసు అక్కర్లేనే అక్కర్లేదు. కాపీరైటు గురించి దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న చోట్ల బొమ్మ గీసినప్పుడే కాపీరైటు గీసినవాళ్లకు వచ్చేస్తుంది, రిజిస్టర్ చేయించనక్కర్లేదు. గీసింది పదేళ్ల పిల్ల అయినా సరే. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయి మొహం చూడాల్సింది. తన పాత డ్రాయింగ్ పుస్తకాలన్నీ అటక మీదినుంచి దింపించింది.

ఆ తర్వాతి వారం అదే ఐదుగురు పిల్లలు మళ్లీ వచ్చారు. మా అమ్మాయి కొమ్ముల పిల్లిని మళ్లీ గీసింది. ఈసారి కాగితం వెనక తనే రాసుకుంది: 'ఈ బొమ్మ నీకు ఇస్తున్నా. గోడకు పెట్టుకో, ఎవరికైనా ఇచ్చుకో. టీషర్టు మీద వేయాలంటే నన్ను అడగాలి. చిరిగితే ఇంకోటి గీసిస్తా, కానీ అది ఇది కాదు.' ఐదు పుస్తకాల్లోనూ ఆ నాలుగు ముక్కలూ ఎక్కించారు. కిందటిసారి బొమ్మ చిరిగి నష్టపోయిన పిల్లవాడు దాన్ని తీసుకుని, "మరి దీని ఫొటో అందరూ తీసుకోవచ్చా?" అని అడిగాడు.

"తీసుకోనీ. ఫొటో వాళ్ల దగ్గరుంటే నీ దగ్గర తగ్గిపోతుందా ఏంటి?" అంది మా అమ్మాయి.